కోవిడ్-19 కాలంలో విదేశీ విద్యార్థుల ప్రవేశ నిబంధనలు

కోవిడ్-19 కాలంలో విదేశీ విద్యార్థుల ప్రవేశ నిబంధనలు అనగా 2020 నుండి 2023 వరకు వివిధ దేశాలు తమ విశ్వవిద్యాలయాలలో చేరిన ఇతర దేశాల విద్యార్థులను సరిహద్దు దాటి లోపలికి రానిచ్చుటకు, రాకుండా ఆపుటకు విధించిన నియమాలు. వీటిలో వీసాల నిలుపుదల, విమానాల నిషేధం, ప్రయాణానికి ముందు పరీక్ష, క్వారంటైన్, టీకా ధ్రువపత్రం ముఖ్యమైనవి. తెలంగాణ మరియు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రాల నుండి ఏటా పెద్ద సంఖ్యలో విద్యార్థులు అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాలకు సాంకేతిక, నిర్వహణ విద్యలకూ, చైనా, ఫిలిప్పీన్స్ వంటి దేశాలకు వైద్యవిద్యకూ వెళ్తుంటారు. కాబట్టి ఈ నిబంధనల ప్రభావం తెలుగు కుటుంబాలపై గట్టిగా పడింది. భారత ప్రభుత్వం పార్లమెంటుకు ఇచ్చిన లెక్కల ప్రకారం చదువు కొరకు విదేశాలకు వెళ్ళిన భారతీయుల సంఖ్య 2019లో సుమారు 5.86 లక్షలు. 2020లో అది 2.59 లక్షలకు పడిపోయింది. 2021లో 4.44 లక్షలకు, 2022లో సుమారు 7.5 లక్షలకు చేరింది.

నేపథ్యం

భారతదేశంలో నమోదైన తొలి కోవిడ్ రోగి ఒక విద్యార్థిని. చైనాలోని వుహాన్ నగరంలో వైద్యవిద్య చదువుతూ సెలవులకు కేరళలోని త్రిస్సూర్ జిల్లాకు వచ్చిన ఆమెకు 2020 జనవరి 30న వ్యాధి నిర్ధారణ అయింది. అదే రోజున ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. ఆ వెంటనే ఎయిర్ ఇండియా రెండు విమానాలలో వుహాన్ నుండి భారతీయులను ఢిల్లీకి తరలించింది. ఆ ప్రయాణికులలో ఎక్కువమంది విద్యార్థులే. ఈ విధంగా మహమ్మారి కథలో విద్యార్థుల పాత్ర మొదటి రోజు నుండీ ఉన్నది.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19ను మహమ్మారిగా పేర్కొన్నది. ఆ నెలలోనే దాదాపు అన్ని దేశాలూ తలుపులు మూశాయి. భారతదేశం మార్చి 13 నుండి చాలావరకు వీసాలను నిలిపివేసింది, మార్చి 22 అర్ధరాత్రి దాటిన తరువాత అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలను పూర్తిగా ఆపివేసింది. ఆస్ట్రేలియా మార్చి 20న, న్యూజీలాండ్ మార్చి 19న, కెనడా మార్చి 18న, చైనా మార్చి 28న విదేశీయుల ప్రవేశాన్ని నిలిపివేశాయి. అమెరికా మార్చి 20న ప్రపంచవ్యాప్తంగా తన కాన్సులేట్లలో సాధారణ వీసా సేవలను ఆపింది. విదేశీ విశ్వవిద్యాలయాలలో ఆగస్టు, సెప్టెంబరు నెలల ప్రవేశాల కొరకు దరఖాస్తు చేసి, రుణం మంజూరు చేయించుకొని, వీసా ఇంటర్వ్యూకు సిద్ధమవుతున్న విద్యార్థులు ఒక్క పదిరోజులలో ఎటూ కాకుండా మిగిలిపోయారు.

వీసాకు, ప్రవేశ అనుమతికి మధ్య తేడా

ఈ వ్యాసంలోని చాలా విషయాలు అర్థం కావాలంటే ఒక తేడాను గుర్తుంచుకోవాలి. వీసా చేతిలో ఉన్నంతమాత్రాన ప్రవేశం లభించినట్లు కాదు. వీసా అనేది ఒక దేశపు ప్రవేశద్వారం వద్దకు వచ్చి అనుమతి అడుగుటకు ఇచ్చే పత్రం మాత్రమే. లోపలికి రానిచ్చేదీ, వెనుకకు పంపేదీ విమానాశ్రయంలోని అధికారి. మామూలు రోజులలో ఈ తేడా ఎవరికీ పట్టదు. మహమ్మారి కాలంలో మాత్రం చెల్లుబాటులో ఉన్న వీసా గల వేలమంది విద్యార్థులు ప్రవేశ నిషేధం వలన రెండేళ్ళకు పైగా ఇళ్ళలోనే ఉండిపోయారు. ఈ నిషేధాలు వలస చట్టాల ద్వారా కొన్ని దేశాలలో, ఆరోగ్య చట్టాల ద్వారా మరికొన్ని దేశాలలో అమలయ్యాయి. అమెరికాలో వలస మరియు జాతీయత చట్టం అధ్యక్షునికి ఇచ్చిన అధికారాన్ని ఉపయోగించారు. ఆస్ట్రేలియాలో 2015 నాటి బయోసెక్యూరిటీ చట్టాన్ని, కెనడాలో క్వారంటైన్ చట్టాన్ని వాడారు.

ఒక దేశం తన పౌరులను సాధారణంగా ఆపదు. పరదేశి విద్యార్థికి అటువంటి హక్కు లేదు. అయితే ఈ సూత్రం కూడా ఆ రోజులలో అన్నిచోట్లా నిలవలేదని క్రింది సంఘటన తెలుపుతుంది.

కౌలాలంపూర్‌లో చిక్కుకున్న విద్యార్థులు

2020 మార్చి మధ్యలో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం రాజధాని మనీలా ఉన్న లూజాన్ ద్వీపమంతటా లాక్‌డౌన్ ప్రకటించింది. విదేశీయులు వెళ్ళిపోదలిస్తే 72 గంటలలోపు వెళ్ళాలని మొదట చెప్పింది. అక్కడి వైద్య కళాశాలలలో చదివే భారతీయ విద్యార్థులు, వారిలో తెలుగువారు చాలామంది, దొరికిన విమానం ఎక్కి మలేషియా రాజధాని కౌలాలంపూర్ మీదుగా స్వదేశానికి బయలుదేరారు. వారు మధ్యదారిలో ఉండగానే మార్చి 17న భారత ప్రభుత్వం ఆఫ్ఘనిస్తాన్, ఫిలిప్పీన్స్, మలేషియాల నుండి వచ్చే ప్రయాణికులందరినీ వెంటనే నిషేధించింది. వెనుకకు పోయే దారి లేదు, ముందుకు వచ్చే దారి లేదు. వందలాది విద్యార్థులు విమానాశ్రయంలోనే నేలమీద గడిపారు. రెండు రాష్ట్రాలలో తల్లిదండ్రులు ఆందోళన వ్యక్తం చేసిన తరువాత కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక అనుమతి ఇవ్వగా ఎయిర్ ఏషియా విమానాలు మార్చి 18న వారిని ఢిల్లీకి, విశాఖపట్నానికి చేర్చాయి.

ప్రవేశ నిబంధన ఏ గంట నుండి అమలవుతుందనే సంగతి నిబంధనలోని విషయమంత ముఖ్యమని ఈ సంఘటన చూపింది. తరువాతి కాలంలో పలు దేశాలు నిషేధం ప్రకటించునపుడు ఒకటి రెండు రోజుల గడువు ఇవ్వటం గమనించవచ్చు. భారతదేశం నుండి వచ్చేవారి విషయంలో అమెరికా 2021లో నాలుగు రోజుల గడువు ఇచ్చింది.

అమెరికా సంయుక్త రాష్ట్రాలు

తెలుగు విద్యార్థులకు అమెరికా మొదటి గమ్యం. అమెరికాలో పూర్తికాల విద్యార్థి వీసాను ఎఫ్-1 అంటారు. విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం దీనికి ఆధారం. తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్, ఒడిషా రాష్ట్రాల వారికి హైదరాబాదులోని అమెరికా కాన్సులేట్ వీసాలు ఇస్తుంది. మహమ్మారి కాలంలో ఇది బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ఉండేది, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది.

మామూలు నియమం ప్రకారం ఎఫ్-1 విద్యార్థి తరగతి గదికి వెళ్ళి చదవాలి, ఆన్‌లైన్ తరగతులు కొద్దిగా మాత్రమే అనుమతిస్తారు. 2020 మార్చిలో విశ్వవిద్యాలయాలు మూతపడటంతో ఈ నియమాన్ని సడలించారు. జూలై 6న అమెరికా వలసల విభాగం ఆ సడలింపును వెనుకకు తీసుకొన్నది. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే విశ్వవిద్యాలయాలలోని విదేశీ విద్యార్థులు దేశం విడిచి వెళ్ళాలి, లేదా తరగతులు జరిగే మరొక విశ్వవిద్యాలయానికి మారాలి. విమానాలు లేని రోజులలో ఇంటికి పొమ్మనటం ఎంతవరకు సబబో ఆ ఉత్తర్వులో కనబడదు. జూలై 8న హార్వర్డ్ విశ్వవిద్యాలయం మరియు మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ బోస్టన్ ఫెడరల్ న్యాయస్థానంలో దావా వేశాయి. తరువాత 17 రాష్ట్రాలు మరొక దావా వేశాయి. జూలై 14న విచారణ మొదలవుతుండగానే ప్రభుత్వం ఉత్తర్వును ఉపసంహరించుకుంటున్నట్లు తెలిపింది. అంటే ఆ ఉత్తర్వు ఎనిమిది రోజులు మాత్రమే ఉన్నది. ఐతే జూలై 24న వచ్చిన వివరణ ప్రకారం మార్చి 9 తరువాత కొత్తగా చేరినవారు పూర్తిగా ఆన్‌లైన్ చదువు కొరకు అమెరికాలో ప్రవేశించరాదు. దీనితో అప్పటికే అమెరికాలో ఉన్న విద్యార్థులకు ఊరట లభించింది, ఇంకా బయలుదేరని కొత్త విద్యార్థులకు లభించలేదు.

అమెరికాలో భారతీయ విద్యార్థుల సంఖ్య 2019-20 విద్యాసంవత్సరంలో 1,93,124 కాగా, 2020-21లో 1,67,582కు తగ్గింది. అదే సంవత్సరం అన్ని దేశాల విద్యార్థుల సంఖ్య సుమారు 15 శాతం తగ్గింది. 2021-22లో భారతీయుల సంఖ్య 1,99,182కు, ఆ తరువాతి సంవత్సరం 2,68,923కు పెరిగింది. ఆగిపోయినవారు, కొత్తవారు కలసి బయలుదేరటం ఈ పెరుగుదలకు ఒక కారణం.

2021 ఏప్రిల్‌లో భారతదేశంలో రెండవ వేవ్ తీవ్రమైనది. ఏప్రిల్ 30న అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ జారీ చేసిన ప్రకటన ప్రకారం మే 4 నుండి, అంతకు ముందు 14 రోజులలో భారతదేశంలో ఉన్న విదేశీయులకు ప్రవేశం లేదు. విద్యార్థులకు ఇందులో ఒక మినహాయింపు ఇచ్చారు. 2021 ఆగస్టు 1న గానీ ఆ తరువాత గానీ మొదలయ్యే చదువుకు వచ్చేవారిని దేశ ప్రయోజనం దృష్ట్యా అనుమతిస్తారు. వారు చదువు మొదలగుటకు 30 రోజుల కంటే ముందుగా రాకూడదు. అంటే ఆగస్టు 20న తరగతులు మొదలైతే జూలై 21కి ముందు ప్రవేశం లేదు. వేసవి సెమిస్టరులో చేరదలచిన వారికి, తరగతులు జూలైలో మొదలయ్యే వారికి ఈ మినహాయింపు వర్తించలేదు. తేదీలలో రెండు వారాల తేడా వలన ఒకరు వెళ్ళగలిగారు, మరొకరు ఆగిపోయారు.

రెండవ వేవ్ మూలంగా మూతపడిన ఇంటర్వ్యూలు జూన్ మధ్యలో తిరిగి మొదలయ్యాయి. జూలై, ఆగస్టు నెలల అపాయింట్‌మెంట్లు తెరచినపుడు రద్దీకి వెబ్‌సైటు మొరాయించింది. పలుమార్లు తాజాపరచిన వారి ఖాతాలు కొన్ని గంటలపాటు స్తంభించిపోయేవి. ఆ సంవత్సరం భారతదేశంలో 55,000కు పైగా విద్యార్థులకు, వినిమయ సందర్శకులకు వీసాలు ఇచ్చినట్లు అమెరికా రాయబార కార్యాలయం తెలిపింది. 2022 వేసవిలో ఈ సంఖ్య 82,000కు చేరింది. భారతదేశంపై విధించిన ప్రవేశ నిషేధం 2021 నవంబరు 8న తొలగింది, దాని స్థానంలో టీకా నిబంధన వచ్చింది.

కెనడా మరియు బ్రిటన్

కెనడా 2020 మార్చి 18వ తేదీని ఒక గీతగా గీసింది. ఆనాటికి చదువు అనుమతి మంజూరైన వారికి మినహాయింపు ఉన్నది, తరువాత మంజూరైన వారికి లేదు. అక్టోబరు 20 నుండి ఈ పద్ధతి మారింది. విద్యార్థి ఏ రోజున అనుమతి పొందాడన్నది కాక, అతడు చేరిన కళాశాల కోవిడ్ సన్నద్ధత ప్రణాళికను రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించినదా లేదా అన్నది చూశారు. జాబితాలో లేని కళాశాలలో చేరినవారు వేచి ఉండవలసి వచ్చింది.

2021 ఏప్రిల్ 22న కెనడా భారతదేశం నుండి నేరుగా వచ్చే విమానాలను నిషేధించింది. ఈ నిషేధం సెప్టెంబరు 26 వరకు సాగింది. విద్యార్థి రావటానికి అభ్యంతరం లేదు గానీ విమానం రాకూడదు. మరొక దేశం మీదుగా రావచ్చు, కాని ప్రయాణానికి ముందు పరీక్ష ఆ మూడవ దేశంలో జరగాలి. కనుక విద్యార్థులు దోహా, మాల్దీవులు, సెర్బియా, మెక్సికో వంటి చోట్ల దిగి, అక్కడ పరీక్ష చేయించుకొని, నెగెటివ్ వచ్చిన తరువాత ముందుకు సాగారు. ఆ దేశంలో పాజిటివ్ వస్తే బంధువులు లేని చోట బస, భోజనం ఖర్చు వారిదే. విమానాలు తిరిగి మొదలైనపుడు ఢిల్లీ విమానాశ్రయంలోని నిర్దేశిత ప్రయోగశాలలో బయలుదేరుటకు 18 గంటలలోపు చేయించుకొన్న పరీక్షను మాత్రమే అంగీకరించారు. హైదరాబాదు నుండి వెళ్ళేవారు ముందుగా ఢిల్లీ చేరి ఉండక తప్పలేదు.

బ్రిటన్ 2021 ఏప్రిల్ 23న భారతదేశాన్ని ఎర్ర జాబితాలో చేర్చింది. అక్కడి విద్యార్థి వీసా ఉన్నవారికి ప్రవేశం నిరాకరించలేదు. కాని ప్రభుత్వం ఏర్పాటు చేసిన హోటల్‌లో పది రోజులు గడపాలి. దీనికి ఒక్కొక్కరు 1,750 పౌండ్లు చెల్లించాలి. ఆనాటి మారకం ప్రకారం ఇది సుమారు 1.8 లక్షల రూపాయలు. ఆగస్టు 8న భారతదేశం మధ్య జాబితాకు మారగా హోటల్ నిబంధన పోయింది. కొన్ని రోజులు ఆగగలిగిన విద్యార్థి ఈ మొత్తాన్ని మిగుల్చుకొన్నాడు. చదువు తరువాత రెండేళ్ళు పనిచేయుటకు వీలిచ్చే గ్రాడ్యుయేట్ వీసా కోరేవారు నిర్ణీత తేదీలోగా బ్రిటన్ చేరాలనే నియమం ఉండగా, ఆ గడువును 2021 సెప్టెంబరు 27 వరకు పొడిగించారు.

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్

ఆస్ట్రేలియా సరిహద్దు సుమారు 21 నెలలు మూసి ఉన్నది. సెలవులకు ఇంటికి వచ్చి చిక్కుకొన్న విద్యార్థులు పూర్తి ఫీజు చెల్లిస్తూ ఇంటినుండే చదివారు. 2020 నవంబరు 30న డార్విన్ నగరానికి ఒక ప్రయోగాత్మక విమానంలో 63 మంది విద్యార్థులు వచ్చారు. వారు చైనా, హాంకాంగ్, జపాన్, వియత్నాం, ఇండోనేషియా దేశాలవారు. భారతీయులకు ఇందులో చోటు లేకపోయింది.

2021 మే 3 నుండి 15 వరకు అంతకు ముందు 14 రోజులలో భారతదేశంలో ఉన్నవారు ఆస్ట్రేలియా పౌరులైనా సరే లోపలికి రావటం నేరమని, ఉల్లంఘిస్తే ఐదేళ్ళ వరకు జైలుశిక్ష ఉండవచ్చని ఆ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పౌరుని విషయమే అలా ఉండగా విద్యార్థుల సంగతి చెప్పనవసరం లేదు. పూర్తి టీకా పొందిన విద్యార్థులకు డిసెంబరు 1న తలుపులు తెరుస్తామని ప్రకటించి, ఒమిక్రాన్ రకం బయటపడటంతో రెండు వారాలు వాయిదా వేసి, చివరకు 2021 డిసెంబరు 15న తెరిచారు. 2022 మార్చి 19లోగా వచ్చిన విద్యార్థులకు వీసా రుసుమును తిరిగి ఇచ్చారు. చదువు పూర్తయినా దేశం బయట ఉండి పని వీసా కాలాన్ని పోగొట్టుకొన్నవారికి 2022 జూలై నుండి కొత్త వీసా ఇచ్చే ఏర్పాటు చేశారు.

న్యూజీలాండ్ 2020 అక్టోబరులో 250 మంది పరిశోధన, స్నాతకోత్తర విద్యార్థులను, 2021 ఆరంభంలో మరి 1,000 మందిని మినహాయింపుగా అనుమతిస్తామని ప్రకటించింది. పూర్తిగా తెరుచుకొన్నది 2022 జూలై 31న.

చైనా, ఫిలిప్పీన్స్ వైద్య విద్యార్థులు

అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయినవారు వైద్య విద్యార్థులు. ఇంజనీరింగు పాఠాన్ని తెరమీద వినవచ్చు. రోగిని తెరమీద పరీక్షించటం నేర్చుకోలేరు.

చైనాలో సుమారు 23,000 మంది భారతీయ విద్యార్థులు ఉండేవారు, వారిలో అత్యధికులు ఎం.బి.బి.ఎస్. చదువుతున్నవారు. 2020 మార్చి 28 నుండి ఉన్న వీసాలు, నివాస అనుమతులు చెల్లవని చైనా ప్రకటించింది. ఆ సంవత్సరం జనవరిలో చైనా నూతన సంవత్సర సెలవులకు ఇంటికి వచ్చినవారు రెండున్నర సంవత్సరాల తరువాత గానీ తిరిగి వెళ్ళలేకపోయారు. చైనా తయారీ టీకా వేసుకొన్నవారికి వీసా సౌకర్యం కల్పిస్తామని 2021 మార్చిలో ఆ దేశపు రాయబార కార్యాలయం తెలిపింది. భారతదేశంలో ఆ టీకాలు లభించవు. 2022 ఏప్రిల్ 29న బీజింగ్‌లోని భారత రాయబార కార్యాలయం తిరిగి వెళ్ళదలచిన విద్యార్థుల వివరాలను మే 8లోగా పంపమన్నది. ఆగస్టు 24 నుండి విద్యార్థి వీసాలు మొదలయ్యాయి. అప్పటికి రెండు దేశాల మధ్య నేరుగా విమానాలు లేవు, అవి 2025 అక్టోబరులో గానీ పునఃప్రారంభం కాలేదు. విద్యార్థులు హాంకాంగ్ వంటి చోట్ల విమానం మారి, చైనాలో దిగిన తరువాత మళ్ళీ క్వారంటైన్‌లో గడిపారు.

ఈ లోపు స్వదేశంలో మరొక చిక్కు ఏర్పడింది. విదేశంలో వైద్యవిద్య చదివినవారు ఇక్కడ వైద్యవృత్తి చేయాలంటే ఎఫ్.ఎం.జి.ఇ. అనే పరీక్షలో ఉత్తీర్ణులై ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే చేసిన వైద్యవిద్యను గుర్తించబోమని జాతీయ వైద్య కమిషన్ చెప్పింది, 2022 ఫిబ్రవరి 8న చైనాలో చేరేవారిని హెచ్చరిస్తూ ఒక ప్రకటన కూడా ఇచ్చింది. అంటే ఒక దేశం లోపలికి రానివ్వదు, మరొక దేశం బయట చదివినది ఒప్పుకోదు. ఇటువంటి విద్యార్థుల క్లినికల్ శిక్షణకు పథకం రూపొందించమని 2022 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు కమిషన్‌ను ఆదేశించింది. తదనుగుణంగా జూలై 28న కమిషన్, చివరి సంవత్సరంలో ఉండి మహమ్మారి లేదా యుద్ధం వలన తిరిగి వచ్చి, 2022 జూన్ 30లోగా కోర్సు పూర్తిచేసిన ధ్రువపత్రం పొందినవారిని ఒకసారికి మాత్రం పరీక్షకు అనుమతించింది. అయితే వారు ఒక సంవత్సరానికి బదులు రెండు సంవత్సరాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. మధ్య సంవత్సరాలలో ఉన్నవారికి ఈ సౌకర్యం లేదు. చైనా, ఫిలిప్పీన్స్, ఉక్రెయిన్‌ల నుండి తిరిగివచ్చిన చివరి సంవత్సరం విద్యార్థులకు ఇక్కడి ఎం.బి.బి.ఎస్. తుది పరీక్షలు వ్రాసే అవకాశాన్ని 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఆమోదించింది.

ఫిలిప్పీన్స్‌లో మనీలా, దవావో నగరాల కళాశాలలకు తెలుగు విద్యార్థులు ఎక్కువగా వెళ్ళేవారు. ఆ దేశం 2020 మార్చిలో వీసాల జారీని ఆపింది, 2021 ఏప్రిల్ 29 నుండి సెప్టెంబరు 5 వరకు భారతదేశం నుండి ప్రయాణికులను ప్రత్యేకంగా నిషేధించింది. అక్కడ వైద్య పట్టాకు ముందు బి.ఎస్. అనే కోర్సు చదవాలి. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరు 18న జారీ చేసిన నియమావళి ప్రకారం ఒకే సంస్థలో కనీసం 54 నెలల వైద్యవిద్య ఉండాలి, బి.ఎస్. కోర్సు ఆ లెక్కలోకి రాదు. సరిహద్దు తెరుచుకొనే సరికి ఆ మార్గమే చాలావరకు మూసుకుపోయింది.

టీకా ధ్రువపత్రాలు

2021 మధ్య నుండి ప్రవేశ నిబంధనలన్నీ టీకా చుట్టూ తిరిగాయి. భారతదేశంలో కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధిని 2021 మే 13న 12 నుండి 16 వారాలకు పెంచారు. మే నెలాఖరున మొదటి డోసు వేసుకొన్న విద్యార్థికి ఆగస్టు చివరకు గానీ రెండవ డోసు రాదు, అప్పటికి విశ్వవిద్యాలయం తెరచి ఉంటుంది. విద్యార్థుల కోరికపై కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ జూన్ 7న ఒక విధానాన్ని ప్రకటించింది. విదేశాలలో చదువుకు, ఉద్యోగానికి, టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్ళేవారికి 28 రోజుల తరువాత రెండవ డోసు ఇవ్వవచ్చు. ప్రతి జిల్లాలోను ఒక అధికారి ప్రవేశ పత్రాలను చూసి అనుమతించాలి, ధ్రువపత్రంపై పాస్‌పోర్టు సంఖ్య ముద్రించాలి. తెలంగాణలో హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో విదేశాలకు వెళ్ళే విద్యార్థులకు జూన్ మొదటి వారం నుండి ప్రత్యేకంగా టీకాలు వేశారు.

కోవాగ్జిన్ వేసుకొన్నవారి స్థితి వేరు. హైదరాబాదు శివార్లలోని జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన ఈ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర గుర్తింపు 2021 నవంబరు 3న వచ్చింది. అంతవరకు పలు అమెరికా విశ్వవిద్యాలయాలు దీనిని లెక్కించలేదు, అక్కడికి వచ్చిన తరువాత మరొక టీకా వేసుకోమన్నాయి. హైదరాబాదులో పుట్టిన టీకా హైదరాబాదు విద్యార్థికి ఉపయోగపడకపోవటం ఆనాడు పెద్ద చర్చనీయాంశమైనది. ఆస్ట్రేలియా నవంబరు 1న, బ్రిటన్ నవంబరు 22న, కెనడా నవంబరు 30న కోవాగ్జిన్‌ను అంగీకరించాయి.

కోవిషీల్డ్ విషయంలోనూ బ్రిటన్‌తో వివాదం నడిచింది. 2021 సెప్టెంబరులో ఆ దేశం టీకాను ఒప్పుకొని, భారతదేశపు ధ్రువపత్రాన్ని ఒప్పుకోలేదు. అందులో వయసు మాత్రమే ఉండి పుట్టినతేదీ లేకపోవటం ఒక అభ్యంతరం. కోవిన్ పోర్టల్‌లో పుట్టినతేదీ చేర్చే వీలు కల్పించారు. అక్టోబరు 4 నుండి భారతదేశం బ్రిటన్ ప్రయాణికులపై అవే నిబంధనలను విధించింది. అక్టోబరు 11 నుండి టీకా పొందిన భారతీయులకు బ్రిటన్ క్వారంటైన్ తొలగించింది.

రామగిరి, గోదావరిఖని ప్రాంతం

పెద్దపల్లి జిల్లాలోని రామగిరి మండలం, రామగుండం, గోదావరిఖని ప్రాంతం సింగరేణి బొగ్గు గనులకు ప్రసిద్ధి. మండలంలోని సెంటినరీ కాలనీ గని ఉద్యోగుల నివాస ప్రాంతం. హైదరాబాదు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన మంథని ఇంజనీరింగు కళాశాల కూడా ఇక్కడే ఉన్నది. తండ్రి గనిలో పనిచేయగా బిడ్డ ఇంజనీరింగు ముగించి అమెరికాకు, ఆస్ట్రేలియాకు వెళ్ళటం ఈ ప్రాంతంలో కొత్త కాదు.

ఇక్కడివారికి దూరమే మొదటి నిబంధన. బసంత్‌నగర్ వద్ద పాత విమాన పట్టీ ఉన్నా, మహమ్మారి కాలంలో అక్కడినుండి విమానాలు లేవు. శంషాబాద్ విమానాశ్రయం రాజీవ్ రహదారి మీదుగా సుమారు 250 కిలోమీటర్లు. పరీక్ష ఫలితం 72 గంటలలోపుదై ఉండాలనే షరతులో నమూనా ఇవ్వటం, ఫలితం రావటం, హైదరాబాదు చేరటం, విమానాశ్రయంలో మూడు నాలుగు గంటలు ముందుండటం అన్నీ ఇమడాలి. ఫలితం ఒక్కరోజు ఆలస్యమైతే టిక్కెట్టు పోతుంది. అందువలన ముందుగానే హైదరాబాదులో బస చేసి అక్కడే పరీక్ష చేయించుకోవటం సురక్షితమైన మార్గం.

ఇంటినుండి చదివినవారికి కాలమానం మరొక కష్టం. చికాగోలో వేసవి మధ్యాహ్నం 2 గంటల తరగతి ఇక్కడ అర్ధరాత్రి 12.30కి మొదలవుతుంది. నైట్ షిఫ్టుకు వెళ్ళే తండ్రి, రాత్రి తరగతికి కూర్చునే బిడ్డ ఒకే సమయానికి పనిలో ఉన్నారన్నమాట.

ఆర్థిక సహాయం విషయంలో ప్రవేశ నిబంధన నేరుగా ఇంటి ఖర్చును తాకింది. తెలంగాణ ప్రభుత్వం షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, వెనుకబడిన తరగతులకు మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి, అల్పసంఖ్యాక వర్గాలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకాల క్రింద 20 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. ఇందులో మొదటి 10 లక్షలు ఆ దేశంలో దిగినట్లు అక్కడి అధికారులు ఇచ్చే పత్రం, అనగా అమెరికాలో ఐ-94, చూపిన తరువాత విడుదలవుతాయి. మిగిలిన 10 లక్షలు మొదటి సెమిస్టరు ఫలితం చూపిన తరువాత వస్తాయి. మామూలు రోజులలో సక్రమమైన ఈ షరతు, సరిహద్దు మూసి ఉన్నపుడు కష్టంగా మారింది. విశ్వవిద్యాలయంలో చేరి ఇంటినుండి చదువుతున్న విద్యార్థి ఫీజు కట్టాలి, కాని దిగిన పత్రం అతని వద్ద ఉండదు. కనుక పేద విద్యార్థికి ఆన్‌లైన్ తరగతి కంటే చదువును తరువాతి సెమిస్టరుకు వాయిదా వేసుకోవటమే సులభం. వాయిదాకు విశ్వవిద్యాలయం అంగీకరించి కొత్త ఐ-20 ఇవ్వాలి.

భారతదేశానికి వచ్చే విదేశీ విద్యార్థులు

హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆంగ్ల మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయం, హైదరాబాదు విశ్వవిద్యాలయాలలో ఆసియా, ఆఫ్రికా దేశాల విద్యార్థులు చదువుతుంటారు. 2020 మార్చిలో నిలిపివేసిన వీసాలలో వీరివీ ఉన్నాయి. అప్పటికే దేశంలో ఉన్నవారి వీసా గడువును ప్రభుత్వం పలుమార్లు పొడిగించింది. 2020 అక్టోబరు 22న పర్యాటక, వైద్య, ఎలక్ట్రానిక్ వీసాలు మినహా మిగిలినవాటిని పునరుద్ధరించగా విద్యార్థులకు తిరిగి ప్రవేశం లభించింది. ఈ విషయంలో భారతదేశం చైనా, ఆస్ట్రేలియాల కంటే చాలా ముందున్నది.

నిబంధనల తొలగింపు

భారతదేశం 2020 మే 7 నుండి వందే భారత్ విమానాలను, జూలై నుండి కొన్ని దేశాలతో ఎయిర్ బబుల్ ఒప్పందాల క్రింద విమానాలను నడిపింది. విద్యార్థులలో చాలామంది వీటిలోనే వెళ్ళారు. క్రమబద్ధమైన అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27న తిరిగి మొదలయ్యాయి. అమెరికా ప్రయాణానికి ముందు పరీక్షను 2022 జూన్ 12న రద్దు చేసింది. కెనడా 2022 అక్టోబరు 1న అన్ని కోవిడ్ ప్రవేశ నిబంధనలను తొలగించింది. చైనా 2023 జనవరి 8న క్వారంటైన్‌ను ఎత్తివేసింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసినట్లు ప్రకటించింది. అదే నెలలో అమెరికా విదేశీ విమాన ప్రయాణికులకు టీకా నిబంధనను తొలగించింది.